ముందు నాయనమ్మ జాన, తర్వాతే స్కేలు

ప్రశ్న: నమస్కారమండీ. మా బాబుకి ఐదున్నరేళ్ళు. యూకేజీ చదువుతున్నాడు. వంద దాకా అంకెలు గడగడా చెబుతాడు గానీ కొలతల దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఎక్కడం లేదు. స్కేలు కొనిచ్చి పెన్సిల్ కొలవమంటే ఒకసారి పన్నెండు అంటాడు, ఇంకోసారి పదమూడు అంటాడు. వర్క్‌బుక్‌లో ‘ఏది పెద్దది?’ అన్నచోట ఏనుగుని వదిలేసి చీమ చుట్టూ సున్నా గీశాడు. టీచరు ఇంటూ పెట్టారు. సాయంత్రం పాలు పోస్తే వాళ్ళ అక్క పొడుగు గ్లాసు చూసి, తనకి తక్కువ పోశానని ఏడుపు. వాడి కళ్ళముందే సమానంగా కొలిచి పోసినా వినడు. మా అత్తగారేమో జాన, బెత్త, మూర అంటూ వాడికి నేర్పుతుంటారు. ఇప్పటికే తికమక పడుతున్నవాడికి ఈ పాత కొలతలు కూడా ఎందుకని నా భయం, ఆవిడకి చెప్పలేకపోతున్నాను. వచ్చే ఏడు ఒకటో తరగతి. ట్యూషన్ పెట్టించమంటారా?
— ఖమ్మం నుంచి ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ట్యూషన్ వద్దు. మీ అత్తగారికి ఏమీ చెప్పకండి, ఆవిడ చేస్తున్నది సరైన పని. పక్కన పెట్టాల్సింది స్కేలు, అదీ కొన్ని నెలలపాటే. ఇలా ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలతో చాలా ఏళ్ళు గడిపినదాన్ని. మీరు రాసిన మూడు సంగతుల్లోనూ నాకు మందబుద్ధి కనిపించలేదు. ఆలోచించే పిల్లవాడు కనిపించాడు.

ముందు చీమ సంగతి. ఆ పేజీ మళ్ళీ తీసి చూడండి. చాలా పుస్తకాల్లో చీమ బొమ్మనీ ఏనుగు బొమ్మనీ ఒకే కొలత గడిలో వేస్తారు. కొన్నింట్లో చీమ కాళ్ళు కనపడాలని దాన్ని ఇంకాస్త పెద్దగా కూడా గీస్తారు. కాగితం మీద ఏది పెద్దదని అడిగారనుకుంటే మీవాడు రాసిందే ఒప్పు. వాడు ఏనుగుని చూడకపోలేదు, చీమ ఎంతుంటుందో తెలియకపోలేదు. ప్రశ్న బొమ్మ గురించా, జంతువు గురించా అన్నది ఎవరూ వాడికి చెప్పలేదు. ఇంటూ పెట్టిన చోట ‘ఎందుకు చీమ అన్నావు నాన్నా?’ అని ఒక్కసారి అడగండి. వాడు చెప్పే కారణం విన్నాక, ‘నిజం చీమ, నిజం ఏనుగు మన గుమ్మం ముందుకొస్తే?’ అనండి. ఈ పిల్లల దగ్గర జవాబు కంటే కారణం అడగడమే సగం చదువు.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది. ‘పెద్ద’ అన్న ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయించుకుంటామో చూడండి. పెద్ద చెట్టు అంటే ఎత్తైనది. పెద్ద గది అంటే విశాలమైనది. పెద్ద బిందె అంటే ఎక్కువ నీళ్ళు పట్టేది. పెద్దక్క అంటే ముందు పుట్టినది. పిల్లవాడు వీటన్నిటినీ ఒకే గంపలో వేసుకుంటాడు. మా క్లాసులో ఒక అమ్మాయి, వాళ్ళ పెద్దనాన్న చిన్నాన్నకంటే పొట్టిగా ఉన్నాడు కాబట్టి ఆయన్ని చిన్నాన్న అనే పిలవాలని చాలా గట్టిగా వాదించింది. అందరూ నవ్వారు గానీ ఆ పిల్ల వాదనలో తప్పేముంది? ఎత్తు పెరగడమూ వయసు పెరగడమూ ఒకటేనని ఈ వయసు పిల్లలు నిజంగానే నమ్ముతారు.

కాబట్టి ఇంట్లో ‘పెద్ద’, ‘చిన్న’ కాస్త తగ్గించి అసలు మాటలు వాడండి. పొడుగు, పొట్టి, ఎత్తు, వెడల్పు, ఇరుకు, లావు, సన్నం, మందం, లోతు, బరువు, తేలిక. ‘పెద్ద దుప్పటి తీసుకురా’ అనే బదులు ‘పొడుగు దుప్పటి తే, నాన్న కాళ్ళు బయటికి రాకూడదు’ అనండి. ‘ఈ డబ్బా లోతు, గరిటె అడుగుకి అందటం లేదు’ అనండి. ఏ మాట దేన్ని కొలుస్తుందో చెవికి అలవాటైతే, వర్క్‌బుక్‌లో ఏం అడుగుతున్నారో కంటికి తెలుస్తుంది. ‘పిట్ట కొంచెం, కూత ఘనం’ అన్న సామెత చెప్పి చూడండి. ఒకే పిట్టలో ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ ఉన్నాయని పిల్లలు తెగ ముచ్చట పడతారు.

ఇక మీ అత్తగారి జాన. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మొత్తం విషయం ఇక్కడే ఉంది.

కొలవడం అంటే స్కేలు మీద అంకె చదవడం కాదు. ఒక చిన్న వస్తువుని తీసుకుని, అది పెద్ద వస్తువులో ఎన్నిసార్లు పడుతుందో చూడటం. అంతే. ఆ చిన్న వస్తువు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు, ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, చివరిదాకా పోవాలి. ఈ నాలుగు సంగతులూ స్కేలులో ముందే ఎవరో చేసిపెట్టేసి ఉంటాయి. పిల్లవాడికి అవి కనిపించవు. గీతలూ అంకెలూ మాత్రమే కనిపిస్తాయి. జానతో కొలిస్తే ఆ నాలుగూ వాడి చేత్తోనే వాడు చెయ్యాలి. బొటనవేలు పెట్టిన చోట చిటికెనవేలు వచ్చి ఆగాలి, మళ్ళీ ఆ చోటు నుంచే మొదలుపెట్టాలి. చెయ్యి జారితే లెక్క మారిపోతుంది. అది వాడికే తెలుస్తుంది.

మంచం ఎన్ని జానలో ముందు ఊహించి చెప్పమనండి. ఈ ఊహించడం చాలా ముఖ్యం, ఎప్పుడూ మానకండి. వాడు ‘ఐదు’ అంటాడు. కొలిస్తే పదిహేను వస్తుంది. తప్పు అనకండి. ‘మరి తలుపు ఎన్ని ఉంటుందంటావు?’ అని ముందుకు పోండి. నాలుగు రోజుల్లో వాడి ఊహ నిజానికి దగ్గరవుతూ రావడం మీరే చూస్తారు. తర్వాత అదే మంచాన్ని నాయనమ్మని కొలవమనండి. ఆవిడకి తొమ్మిదే వస్తాయి. ఒకే మంచం, రెండు లెక్కలు! అక్కడ మీరు ఒక్క మాట కూడా చెప్పొద్దు. వాడు తన చెయ్యి నాయనమ్మ చేతి మీద పెట్టి చూసుకునేదాకా ఆగండి.

నాలుగు వేళ్ళు కలిపితే బెత్త. మూడు బెత్తలు ఒక జాన. రెండు జానలు ఒక మూర, అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా. నాలుగు మూరలు ఒక బార, రెండు చేతులూ చాచినంత. ఎవరి చెయ్యి వాళ్ళకి దాదాపుగా సరిపోతుంది. ఒక పురికొస తీసుకుని వాడి బార కొలిచి తెంపండి. ఇప్పుడు ఆ పురికొస ఒక కొసని మడమ దగ్గర తొక్కిపట్టి పైకి సాగదీయండి. ఇంచుమించుగా వాడి ఎత్తుకే వస్తుంది. అక్కకీ, మీకూ, నాన్నకీ చేసి చూడండి. మా క్లాసులో ఈ పని చేసిన రోజు ఇంటి బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

పూలమ్మి దగ్గరికి కూడా వాణ్ణి తీసుకెళ్ళండి. ఆమె మూర వేసేటప్పుడు దగ్గరగా నిలబెట్టి చూపించండి. ఇంటికొచ్చి అదే దండని మీ చేత్తో కొలవండి, వాడి చేత్తో కొలవనివ్వండి. వాడి మూరతో అయితే రెండో మూర సగందాకా పోతుంది. ‘నేను పూలు అమ్మితే అందరికీ తక్కువ వస్తాయి’ అని ఒకరోజు వాడే అంటాడు. ఆ మాట వచ్చిందంటే అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో వాడికి తెలిసినట్టే. మన దేశం కూడా ఇదే దారిలో వచ్చింది. ఊరూరికీ శేరు, వీశె, గజం తేడాగా ఉండి కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ తికమకపడేవారు. 1956లో తూనికలు కొలతల చట్టం చేసి, 1958 నుంచి మీటరు, కిలో పద్ధతిని మెల్లమెల్లగా తెచ్చి, 1962 నాటికి తప్పనిసరి చేశారు. దేశానికే అన్నేళ్ళు పట్టిన మార్పుని ఐదున్నరేళ్ళ పిల్లవాడు ఒక స్కేలు ఇవ్వగానే చెయ్యాలని అడగడం భారం కదా.

ఈ వయసుకి కథలే బలం. యశోదమ్మ కృష్ణుణ్ణి రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువ పడింది. ఇంకో తాడు ముడేసింది, మళ్ళీ రెండంగుళాలే తక్కువ. అంగుళం అంటే అక్కడ వేలి వెడల్పు. వాడి రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టించి ‘ఇంతే తక్కువ!’ అని చూపించండి. వామనుడు మూడడుగులు అడిగాడు. ఎవరి అడుగు? ఇచ్చేటప్పుడు బలి చక్రవర్తి చూసిన అడుగు పొట్టి బాలుడిది. కొలిచేటప్పుడు పడిన అడుగు వేరు. ‘నువ్వయితే మూడడుగులు ఇచ్చేముందు ఏం అడుగుతావు?’ అని వాణ్ణి అడిగి చూడండి. మా పిల్లల్లో ఒకడు ‘ముందు పాదం చూపించమంటాను’ అన్నాడు. కొలత గురించి అంతకంటే మంచి జవాబు నేను వినలేదు.

ఒకప్పుడు వీధి ఆటల్లోనే ఇదంతా వచ్చేసేది. మా గోదావరి వైపు బిళ్ళంగోడు అంటాం, మీ వైపు చిర్రగోనె. బిళ్ళ ఎంత దూరం పడితే అంత దూరం కర్రతో కొలిచి లెక్కపెట్టేవాళ్ళు. కర్ర జరిపాడనో, మధ్యలో ఖాళీ వదిలాడనో గొడవలు అయ్యేవి. ఆ గొడవలే పాఠం. బిళ్ళ కళ్ళకి తగులుతుందని ఇప్పుడు ఇంత చిన్నవాళ్ళ చేత ఆడించమని నేను చెప్పను. బంతి దొర్లించి, అది ఆగిన చోటిదాకా ఒక కర్రముక్కతో కొలిచే ఆట పెట్టండి. అక్క కూడా ఆడితే కొలత సరిగ్గా ఉందో లేదో ఒకరినొకరు చూసుకుంటారు.

ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లని మీకు అనిపిస్తే ఒక సంగతి చెప్పాలి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో కేంద్రం మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం లక్ష్యాల్లో కూడా వరస ఇదే. ఒకటో తరగతిలో వేళ్ళు, జాన, మూర, అడుగులతో పొడవు కొలవడం. రెండో తరగతిలో పెన్సిలు, దారం, కప్పు, చెంచా లాంటి వాటితో. సెంటీమీటరు, మీటరు మూడో తరగతికి. యూకేజీ పిల్లవాడి చేతిలో మీరు పెట్టింది మూడో తరగతి పని. వాడు వెనకబడలేదు, మీరే చాలా ముందుకు తీసుకెళ్ళారు.

సరే, ఆ పన్నెండు–పదమూడు గొడవ ఏమిటి? తేడా సరిగ్గా ఒకటే ఉందని గమనించారా? వాడు ఒకసారి పెన్సిల్ కొసని సున్నా దగ్గర పెడుతున్నాడు, ఒకసారి ఒకటి దగ్గర. లెక్కపెట్టడం ఒకటితో మొదలుపెట్టాలని మనమే కదా నేర్పాం? వాడు నేర్పింది నేర్పినట్టు చేస్తున్నాడు. వాడికి ఇంకా తెలియనిది ఏమిటంటే, స్కేలు మీద మనం లెక్కపెట్టేది గీతల్ని కాదు, గీతకీ గీతకీ మధ్య ఉన్న జాగాని. బస్సులో వెళ్ళేటప్పుడు కిలోమీటరు రాళ్ళు చూపించండి. రాయికీ రాయికీ మధ్య దారే కిలోమీటరు, రాయి కాదు. రెండు రాళ్ళు దాటామంటే మధ్యలో నడిచిన దారి ఒకటే.

రెండు మూడు నెలలు జానలూ కర్రలూ బాగా అలవాటయ్యాక వాడి చేతే ఒక స్కేలు చేయించండి. పాత క్యాలెండరు నుంచి పొడుగాటి కాగితం ముక్క కత్తిరించండి. కాల్చేసిన అగ్గిపుల్లలు పది, ఒకే పొడవున్నవి ఏరి, ఒకదాని కొసకి ఇంకోదాన్ని ఆనించి వరసగా పేర్చి ప్రతి కొస దగ్గరా గీత గీయమనండి. ఇప్పుడు అంకెల్ని గీతల దగ్గర కాకుండా గీతల మధ్య జాగాలో రాయించండి. ఇది మొదటి పుల్ల, ఇది రెండో పుల్ల అని. దానితో ఓ వారం కొలవనివ్వండి. తర్వాత అంకెల్ని ఒక్కొక్కటిగా ఆ జాగా చివరి గీత దగ్గరికి జరపండి, ‘ఇక్కడికి వచ్చేసరికి ఒక పుల్ల అయిపోయింది, ఇక్కడికి రెండు అయిపోయాయి’ అని. అప్పుడు మొదటి గీత దగ్గర ఏం రాయాలన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఇంకా ఒక్క పుల్ల కూడా అవలేదు కదా! సున్నా అక్కడ పుడుతుంది. ఆ రోజు మీరు కొన్న స్కేలు తిరిగి వాడి చేతికివ్వండి. ఇంకా అనుమానంగా ఉంటే మొదటి మూడు సెంటీమీటర్లు విరిగిపోయిన స్కేలు ఇచ్చి పెన్సిల్ కొలవమనండి. మూడు దగ్గర పెట్టి, మధ్య జాగాలు లెక్కపెట్టి చెప్పాడంటే స్కేలు వాడికి వచ్చేసినట్టే.

బరువు గురించి ఎక్కువ చెప్పను, అది చేతులకే తెలిసే సంగతి. ఒక చేతిలో మరమరాల సంచి, ఇంకో చేతిలో బెల్లం ముద్ద పెట్టండి. పెద్దదే బరువైనదన్న నమ్మకం అక్కడే సడలుతుంది. బట్టల హ్యాంగరుకి రెండు కొబ్బరి చిప్పలు కట్టి తలుపు గొళ్ళేనికి వేలాడదీస్తే తక్కెడ తయారు. చింతపిక్కలు, గోలీలు, బటాణీలు వేసి రోజంతా ఆడుకుంటాడు.

నీళ్ళు, గింజల కొలతలకి మాత్రం మన తెలుగు ఇచ్చిన వరం ఒకటుంది, దాన్ని వదులుకోకండి. మనం ఏ పాత్రనైనా, ఏ చేతి ముద్రనైనా కొలతగా మార్చేస్తాం. చిటికెడు ఉప్పు, చారెడు పప్పు, గుప్పెడు గింజలు, దోసెడు పూలు, గరిటెడు పిండి, చేటెడు బియ్యం, గంపెడు మట్టి, బిందెడు నీళ్ళు. మాట చివర ఒక్క ‘ఎడు’ తగిలిస్తే చాలు. ఈ మాటలన్నీ వరసగా వాడి చేత చేయించండి. ఎన్ని చిటికెలు కలిస్తే గుప్పెడు? ఎన్ని గుప్పిళ్ళు పోస్తే గిన్నెడు? వాడిదే ఒక కొలత పుట్టించుకోనివ్వండి. మా క్లాసులో పిల్లలు ‘మూతెడు’, ‘టోపీడు’ అని పెట్టుకున్నారు, ఇసక కొలవడానికి. మీ అత్తగారి దగ్గర పాత సోల, తవ్వ ఇంకా ఉంటే బయటికి తీయించండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇవి కంఠస్థం చేయించకండి. గిద్దతో సోలలోకి బియ్యం పోయనివ్వండి, నాలుగోసారికి తలకొట్టుగా నిండటం చూస్తాడు. అవి లేకపోతే రైస్ కుక్కరుతో వచ్చిన కప్పు చాలు. అన్నం వండేటప్పుడు ఎన్ని కప్పుల బియ్యం, ఎన్ని కప్పుల నీళ్ళు అన్న లెక్క ఆ పూటకి వాడికే అప్పగించండి. ఇడ్లీ పిండికి పప్పు ఒక గ్లాసు, రవ్వ రెండు గ్లాసులు కూడా వాడే కొలవాలి. కొలత తప్పితే అన్నం ముద్దయిపోతుంది. అది వర్క్‌బుక్‌లో ఇంటూ లాంటిది కాదు. ఎందుకు తప్పిందో నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది.

చివరగా పాల సంగతి. నిజానికి మీ ఉత్తరంలో నా మనసు ఆగింది అక్కడే. పిల్లవాడు ఏడుస్తున్నది పాల కోసం కాదు. అక్కకి అమ్మ ఎక్కువ ఇచ్చిందని వాడు నిజంగా నమ్ముతున్నాడు.

స్విట్జర్లాండుకి చెందిన ఝాఁ పియాజే అనే శాస్త్రవేత్త దాదాపు మీ ఇంట్లో జరుగుతున్నదే పిల్లలతో చేసి చూశాడు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పిల్లవాడు ‘సమానమే’ అన్నాక, ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి వంచాడు. నాలుగైదేళ్ళ పిల్లలు పొడుగు దానిలోనే ఎక్కువున్నాయన్నారు. నీటిమట్టం పైకెక్కింది కదా, కళ్ళు అదే చూస్తాయి. గ్లాసు సన్నబడిందన్న రెండో సంగతిని కూడా అదే క్షణంలో మనసులో పెట్టుకోవడం ఆ వయసుకి కష్టం. చాలామందికి ఆరేడేళ్ళు దాటాక అది దానంతటదే కుదురుతుంది. ట్యూషన్‌తో వచ్చేది కాదు. మీరు పది సార్లు కొలిచి చూపించినా వాడి కళ్ళు వాడికి వేరే చెబుతున్నాయి. ఎవరి కళ్ళని వాళ్ళు నమ్ముతారు కదమ్మా.

తర్వాత స్కాట్లాండులోని ఎడింబరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే మనస్తత్వవేత్త, ఆమెతో కలిసి పనిచేసిన ఒకాయన ఇంకో సంగతి గమనించారు. పెద్దవాళ్ళు కావాలని ఏదో మార్చి, అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, ‘జవాబు కూడా మార్చాలేమో’ అని పిల్లలు అనుకుంటారు. అదే మార్పుని ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చేసినట్టు ఆడిస్తే, చాలా ఎక్కువమంది పిల్లలు సరిగ్గా చెప్పారు. అంటే మనం అడిగే తీరు కూడా వాళ్ళని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ‘ఇప్పుడు చెప్పు, సమానమేనా కాదా?’ అని వాణ్ణి నిలదీయకండి. ముఖ్యంగా ఏడుస్తున్నప్పుడు అసలు వద్దు.

దాని బదులు స్నానాలగదిలో బకెట్ నీళ్ళూ, నాలుగు రకాల సీసాలూ గ్లాసులూ ఇచ్చి వదిలేయండి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోసుకోనివ్వండి. పొడుగు గ్లాసులోవి తిరిగి పొట్టి గ్లాసులోకి పోస్తే మళ్ళీ అక్కడికే రావడం వాడు పదిసార్లు, ఇరవైసార్లు చూడాలి. చపాతీ పిండి ముద్దని పాములా పొడుగ్గా చేసి మళ్ళీ ముద్ద చేయనివ్వండి. మీరు పక్కన ఉండి ఏమీ వివరించకండి. ఏదో ఒకరోజు వాడే మీ కొంగు పట్టుకుని లాగి ‘అమ్మా, ఇది సన్నగా ఉంది కాబట్టి పైకెక్కింది’ అంటాడు.

అప్పటిదాకా ఇద్దరికీ ఒకేలాంటి గ్లాసుల్లో పాలు పొయ్యండి.